పాలపైసలు

మా ఇంట్లోకి డబ్బు రెండు దారుల్లో వచ్చేది. నాయిన డబ్బు ఏడాదికి రెండుసార్లు, కందులు అమ్మినప్పుడూ, బాయి కింద వరి కోసినప్పుడూ. అది చేతికి రాకముందే దాని కోసం ఎదురుచూసేవాళ్లు ఉండేవాళ్లు: సొసైటీ అప్పు, ఎరువుల దుకాణం బాకీ, అక్క పెండ్లికి మిత్తికి తెచ్చిన పైసలు. అమ్మ డబ్బు మాత్రం రోజూ వచ్చేది. రెండు బర్రెలు, బాయి ఒడ్డున ఇరవై గుంటల కూరగాయలు, పెరట్లో కోళ్లు. అది ఎన్నడూ పెద్ద మొత్తం కాలేదు. కానీ సబ్బు, చాయపత్తి, మా నోటుపుస్తకాలు, బస్సు కిరాయి, జ్వరమొస్తే దవాఖాన ఖర్చు అన్నీ అందులోంచే వెళ్లేవి. శంషాబాదు చుట్టుపక్కల ఊళ్లలో 1970లలో, 80లలో పెరిగిన ఆడపిల్లలను అడగండి, తమ ఇండ్లలోనూ లెక్క ఇట్లాగే నడిచిందని చాలామంది చెప్తారు.

విమానాశ్రయం వచ్చింది, భూముల ధరలు ఆకాశాన్నంటాయి, కొందరు కోటీశ్వరులయ్యారు, కొందరు ఉన్నదంతా పోగొట్టుకున్నారు అనే కథ అందరూ చెప్పుకుంటారు. అదంతా నాయినల డబ్బు కథ. అమ్మల డబ్బు ఎటుపోయిందో చెప్పాలని ఇది రాస్తున్నాను.

శంషాబాదు అప్పుడు పట్నానికి ఆనుకుని ఉన్న పల్లె. ‘పైగా’ వంశపు నవాబుల షంసుల్ ఉమ్రా బిరుదు నుంచి ఊరికి ఆ పేరు వచ్చింది. బెంగళూరు పోయే జాతీయ రహదారి ఊరి నడుమ నుంచే పోయేది. ఉందానగర్ స్టేషన్‌లో మహబూబ్‌నగర్ వైపు పోయే చిన్న గేజు బండి ఆగేది. తెల్లవారకముందే పాలవాళ్లు సైకిళ్లకు రెండు వైపులా క్యాన్లు కట్టుకుని ఆరాంఘర్ మీదుగా ఫలక్‌నుమా, శాలిబండ హోటళ్లకు పోయేవాళ్లు. పాతబస్తీ వాళ్లు పొద్దున్నే తాగే చాయలో మా చెల్కల గడ్డి రుచి ఉంటుందని అమ్మ గట్టిగా నమ్మేది.

పాల లెక్క గోడ మీద బొగ్గుగీతల్లో ఉండేది. పొద్దుటి పూట నిలువు గీత, సాయంత్రం పూట అడ్డగీత. అమ్మకు చదువు రాదు. అయినా పది రోజులకోసారి పాలాయన వచ్చి లెక్క చేస్తే ఆయన కాగితం కంటే అమ్మ గోడే ముందు తేల్చేది. పల్లిచెక్కకూ తవుడుకూ ఎంత పోయిందో, ఈత దగ్గరపడ్డ బర్రె ఎన్నాళ్లు పాలివ్వదో, అప్పుడు ఇల్లు ఎట్లా నడపాలో, ఇవన్నీ ఆమె తలలో ఉండేవి. వట్టిపోయిన నెలల కోసం పదిమంది ఆడవాళ్లతో కలిసి చిట్టీ వేసేది. నాయిన ఆ చిట్టీ సంగతి ఎన్నడూ అడగలేదు. పాలపైసలు ఆడవాళ్లవి అన్నది ఊళ్లో రాయని కట్టుబాటు.

ఇందులో భూమి లేనివాళ్లకూ వాటా ఉండేది. ఈ మాట ముఖ్యం. మా వాడకు అవతల సెంటు భూమి లేని ఇండ్లలోనూ బర్రె ఉండేది, మేకలు ఉండేవి. గడ్డి ఎక్కడిది? గట్ల మీది గడ్డి, బంచరాయి మీది మేత, కోసిన చేనులో మిగిలిన చొప్ప. పొయ్యిలోకి కందికట్టె, పత్తికట్టె. కోత తర్వాత పరిగె ఏరుకుంటే కొన్ని రోజుల గింజలు. ఇవేవీ ఎవరి పాసుపుస్తకంలోనూ రాసి లేవు. ఇంకొకరి భూమి సాగులో ఉంటే చాలు, భూమి లేని ఆడమనిషికి అందులోంచి రోజూ కొంత దక్కేది.

ఇవిగాక అంగూర్ తోటల పని. రంగారెడ్డి జిల్లా అంగూర్‌కు అప్పట్లో పెద్ద పేరు. రాతి కూసాలు పాతి, ఇనుప తీగలు లాగి, తలకంటే ఎత్తున పందిరి. అనాబ్-ఎ-షాహీ గుత్తులు పొడుగ్గా, లేత బంగారు రంగులో వేలాడేవి. ఎండాకాలం మొదట్లో ఒకసారి, దసరా దాటాక ఒకసారి కొమ్మలు కత్తిరించాలి. గుత్తిలో చిన్న కాయలను కత్తెరతో ఏరి తీసేయాలి. ఆ ఏరుడు పని ఆడవాళ్లే చేసేవాళ్లు, అందులో చెయ్యి తిరిగినవాళ్లకు తోట యజమానులు ముందే బయానా ఇచ్చి మాట తీసుకునేవాళ్లు. పండ్లు లారీల్లో మొజంజాహి మార్కెట్‌కు, తర్వాత గడ్డిఅన్నారానికి పోయేవి. ఇవాళ ఆ రాతి కూసాలు ప్లాట్లకు హద్దురాళ్లుగా అక్కడక్కడా నిలబడి ఉన్నాయి.

ఆ కాలంలో సర్కారు ఇంట్లోకి ఎన్ని వైపుల నుంచి వచ్చేదో ఇప్పటి పిల్లలకు చెప్తే నమ్మరు. కంట్రోల్ దుకాణంలో బియ్యం, చక్కెర, పామాయిల్, గ్యాస్‌నూనె. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు మా ఊళ్లో జొన్న గట్క తినే ఇండ్లలో రోజూ తెల్లన్నం మొదలైంది. జనతా చీరలూ అక్కడే. ఎరువుకు, విత్తనానికి సొసైటీ అప్పు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి కొత్త విత్తనం. ఆర్టీసీ బస్సు పైన మా వంకాయ బుట్టలు. మా మేనమామకు ఐడీపీఎల్‌లో ఉద్యోగం. సోవియట్ సాయంతో కట్టిన ఆ మందుల కర్మాగారంలో కొలువంటే ఇంటిల్లిపాదికీ ధీమా: క్వార్టరు, దవాఖాన, పీఎఫ్. మామ వచ్చినప్పుడల్లా విశాలాంధ్ర పుస్తకాల వ్యానులో కొన్న మాస్కో పిల్లల బొమ్మల పుస్తకాలు తెచ్చేవాడు. మంచి కాగితం, రంగుల బొమ్మలు, అతి తక్కువ ధర. 1976లో రాజ్యాంగ పీఠికలో సామ్యవాదం అనే మాట చేరింది. మా ఇంటికి ఆ మాట తెలియదు, దాని సరుకులు తెలుసు.

దాన్ని స్వర్ణయుగం అని చెప్పను. ఊళ్లో జీతానికి ఉండే పిల్లలు ఉండేవాళ్లు. 1976లోనే వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినా, తండ్రి చేసిన అప్పుకు కొడుకు పశువుల వెంట నడవడం నేను కళ్లారా చూశాను. సొసైటీ అప్పు పెద్ద కులాల ఇండ్లకు దొరికినంత సులువుగా చిన్న రైతుకు దొరికేది కాదు. కంట్రోల్ బియ్యంలో పురుగులు ఉండేవి. ఎండాకాలం చివర పని దొరకని వారాల్లో ఒక పూట తిని పడుకున్న ఇండ్లు మా వాడలోనే ఉన్నాయి. ఆ రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు.

ఆర్థిక విధానాల మార్పు మా ఇంటికి మొదట వచ్చింది డీఏపీ ఎరువు బస్తా రూపంలో. 1991 జూలైలో రూపాయి విలువ తగ్గించారు. అదే నెల 24న పెట్టిన బడ్జెట్‌లో ఎరువుల ధర పెంచారు. 1992 ఆగస్టులో ఫాస్ఫేటు, పొటాష్ ఎరువుల మీద ధరల నియంత్రణ ఎత్తేశారు. ఆ రబీలో డీఏపీ బస్తా ధర విని నాయిన దుకాణం మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాడు. యూరియా చౌకగా ఉంది కాబట్టి యూరియానే చల్లాడు, చాలామంది అదే చేశారు. భూమికి అది మంచిది కాదని రాజేంద్రనగర్ వాళ్లు చెప్తూనే ఉన్నారు. 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. కొత్త శతాబ్దం మొదట్లో ఐడీపీఎల్‌లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకం కింద మామ ఇంటికి వచ్చాడు. అదే ఐడీపీఎల్‌లో ఒకప్పుడు పనిచేసిన కె. అంజిరెడ్డి 1984లో మొదలుపెట్టిన డాక్టర్ రెడ్డీస్ అప్పటికే దేశంలో పెద్ద కంపెనీ. హైదరాబాదు మందుల పరిశ్రమ మొత్తం ప్రభుత్వ కర్మాగారంలో నేర్చిన చేతులతో మొదలై ప్రైవేటు చేతుల్లోకి మళ్లింది. మామ చేతికి ఒక చెక్కు వచ్చింది. దాన్ని తెచ్చి శంషాబాదులో ప్లాటు కొన్నాడు. మా బంధువుల్లో ఆ మార్పు నుంచి అందరికంటే ఎక్కువ బాగుపడింది ఆయనే.

ఈ మార్పుకు ముందు పేజీలోనూ తర్వాతి పేజీలోనూ ఒకే మనిషి పేరు ఉండటం నాకెప్పుడూ ఆశ్చర్యమే. 1971 నుంచి 73 దాకా ముఖ్యమంత్రిగా ఉన్న పి.వి. నరసింహారావు భూ సంస్కరణలకు పట్టుబట్టారు. 1973లో భూ పరిమితి చట్టం వచ్చింది. ఇరవై ఏండ్లు తిరగకుండా ప్రధానిగా ఆయనే లైసెన్సుల రాజ్యాన్ని విప్పారు. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పదకొండున్నర కిలోమీటర్లకు పైగా స్తంభాల మీద పోయే ఎక్స్‌ప్రెస్‌వేకు, విమానాశ్రయానికి తొందరగా చేరడానికే కట్టిన ఆ దారికి, 2009లో ఆయన పేరే పెట్టారు. కింద ఉన్న పాత రోడ్డు మీదే మా పాలాయన సైకిలు నడిచింది.

విమానాశ్రయం మాట 1990ల చివర మొదలైంది. మామిడిపల్లి, గొల్లపల్లి, శంషాబాదు వైపు భూములు సర్కారు సేకరించింది. మొత్తం దాదాపు 5,500 ఎకరాలు. 2004 డిసెంబరులో నిర్మాణ ఒప్పందం కుదిరింది. ప్రైవేటు సంస్థ జీఎంఆర్‌కు పెద్ద వాటా, రాష్ట్ర ప్రభుత్వానికి, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం చొప్పున, మలేషియా సంస్థకు 11 శాతం. 2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చి 23 నుంచి విమానాలు. అదే రాత్రి బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఆ ఏడాదే ఔటర్ రింగు రోడ్డు గచ్చిబౌలి నుంచి శంషాబాదు దాకా తెరుచుకుంది.

భూమి పోయినవాళ్లకు వచ్చింది 1894 నాటి భూసేకరణ చట్టం లెక్క. నోటిఫికేషన్ నాటికి ఆ చుట్టుపక్కల రిజిస్ట్రేషన్ అయిన ధరే మార్కెట్ ధర, దాని మీద 30 శాతం అదనం. ఊళ్లల్లో అసలు భూమి అమ్మేవాళ్లే తక్కువ. అమ్మినా స్టాంపు ఖర్చు తగ్గుతుందని కాగితం మీద తక్కువ రాయించేవాళ్లు. ఏండ్ల తరబడి రాయించిన ఆ తక్కువ అంకే చివరికి భూమి పోయిన రోజు వాళ్ల చేతికి తిరిగి వచ్చింది. లావుణి పట్టా భూములవాళ్ల, అంటే ఎక్కువగా దళితుల, పరిస్థితి ఇంకా హీనం. సర్కారు ఇచ్చిన భూమిని సర్కారే వెనక్కి తీసుకుంటున్నది కదా అని వాళ్లకు పూర్తి పరిహారం అక్కర్లేదన్నారు. ఆ వాదన చెల్లదని, వాళ్లకూ పట్టాదారులతో సమానంగా చెల్లించాలని 2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది. అది మా రంగారెడ్డి జిల్లా చేవెళ్ల డివిజన్ నుంచి వెళ్లిన కేసే. దళితుల భూమి విలువను కాగితం మీదైనా గుర్తించిన తీర్పు అది. 1894 చట్టం స్థానంలో మెరుగైన చట్టం 2014 జనవరిలో అమల్లోకి వచ్చేనాటికి మా వైపు రన్‌వే మీద విమానాలు దిగడం మొదలై దాదాపు ఆరేండ్లు.

ఒక ఇల్లు బాగుపడటానికీ చితికిపోవడానికీ ఆ ఇంటివాళ్ల కష్టంతో సంబంధం లేని కాలం అది. పటం మీద గీత ఎక్కడ పడిందన్నదే లెక్క. గీత లోపల పడ్డ భూమికి సర్కారు రేటు. గీతను ఆనుకుని బయట పడితే వెంచర్ రేటు. 2006లో కోకాపేట వేలంలో ఎకరం 14 కోట్లు దాటిందన్న వార్త వచ్చాక మా ఊరి హోటల్‌లో ఇంక వానల గురించి మాట్లాడినవాళ్లు లేరు. బెంగళూరు రోడ్డుకు పడమర హిమాయత్‌సాగర్ వైపు ఊళ్లకు ఇంకో గీత: 1996 నాటి 111 జీవో. జంట జలాశయాలకు పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టారు. పట్నం తాగేనీళ్ల కోసం అది అవసరమనే నేను ఇప్పటికీ అంటాను. కానీ ఆ నీళ్లను కాపాడినందుకు ఆ ఊళ్ల రైతులకు పట్నం ఏమీ చెల్లించలేదు. అన్నదమ్ముల్లో ఒకరి చెల్క ఇటు, ఇంకొకరిది అటు పడ్డ ఇండ్లు ఉన్నాయి. ఒకరు బంగళా కట్టారు, ఇంకొకరు ఇంకా బర్రెలే కాస్తున్నారు. దాయాదుల నడుమ పెండ్లి పిలుపులు కూడా ఆగిపోయాయి.

మా భూమి వెంచర్‌కు పోయింది. బ్రోకర్లు మొదట బయానా ఇచ్చి అగ్రిమెంటు రాయించుకున్నారు, మిగతా డబ్బు విడతలుగా. రిజిస్ట్రేషన్ నాడు అక్కనూ నన్నూ కారులో తీసుకుపోయారు. ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన హక్కు ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం చేసి, 1985 సెప్టెంబరు నుంచే వర్తింపజేసింది. అప్పటికి పెండ్లయిన వాళ్లకు అది లేదు, కాబట్టి అక్కకు లేదు. 2005 కేంద్ర సవరణతో ఆమెకూ వచ్చింది. అందుకే సంతకాలకు మమ్మల్ని పిలిచారు, లేకపోతే పిలిచేవాళ్లు కాదు. చెరో పట్టుచీర, చెరో రెండు తులాల బంగారం ఇచ్చారు. ఊళ్లో ఎక్కువమంది ఆడపిల్లలకు దక్కింది అంతే. అమ్మ సంతకం అవసరమే పడలేదు. ఆ భూమి మీద ముప్ఫై ఏండ్లు పనిచేసిన మనిషి ఆ రోజు ఇంట్లో అందరికీ వంట చేసింది.

సాయంత్రం నాయిన డబ్బు లెక్కపెడుతుంటే అమ్మ అడిగింది: "రేపటి సంది గడ్డి ఏడికెళ్లి తేవాలె?"

ఎవరూ జవాబు చెప్పలేదు. చెల్కలకు కంచెలు పడ్డాయి, బంచరాయి కరిగిపోయింది, బాయి పూడ్చారు. బర్రెలను అమ్మేశాం. మాకు భూమి అమ్మిన డబ్బు ఉంది. భూమి లేని ఇండ్లలోనూ అదే నెలల్లో బర్రెలు పోయాయి, వాళ్ల చేతికి మాత్రం పరిహారం రాలేదు. గట్టు మీది గడ్డికి పరిహారం ఏ చట్టంలోనూ లేదు.

పెద్ద డబ్బు వచ్చిన ఇండ్లలో దాన్ని నిలబెట్టుకున్నది షాద్‌నగర్, ఆమనగల్లు వైపు పోయి మళ్లీ భూమి కొన్నవాళ్లే. మిగతాచోట్ల స్కార్పియో బండ్లు, రెండంతస్తుల ఇల్లు, బిడ్డ పెండ్లికి కట్నం, ఇంకో వెంచర్‌లో పెట్టుబడి. 2008 చివర్లో, 2009 జనవరి సత్యం కుంభకోణం తర్వాత భూముల బేరాలు ఆగిపోయినప్పుడు బయానాలు ఇచ్చినవాళ్లూ తీసుకున్నవాళ్లూ కోర్టుల చుట్టూ తిరిగారు. పాలపైసలు పోయిన ఆడవాళ్లు ఇంటి ఖర్చుకు సూక్ష్మ రుణాల గ్రూపుల్లో చేరారు. వారం వారం కిస్తీ. ఒకప్పుడు రోజూ డబ్బు వచ్చిన చేతి నుంచి ఇప్పుడు వారానికోసారి డబ్బు పోవడం మొదలైంది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లను అడ్డుకోవాల్సి వచ్చింది.

మామ తెచ్చిన ఆ బొమ్మల పుస్తకాల దేశంలో అదే కాలంలో ఏం జరిగిందో తర్వాత చదివాను. 1992లో రష్యాలో ప్రతి పౌరుడికీ, పసిపిల్లలతో సహా, పదివేల రూబుళ్ల వోచరు ఇచ్చారు. ప్రభుత్వ కర్మాగారాల్లో వాటాలకు బదులుగా అది. ధరలు కొండెక్కడంతో చాలామంది దాన్ని కొద్దిపాటి నగదుకు అమ్మేశారు. జీతాలు నెలల తరబడి రాని ఆ ఏండ్లలో కుటుంబాలు ఊరి బయట తమ చిన్న తోటల్లో బంగాళదుంపలు పండించుకుని తిన్నాయి. దేశం పండించే బంగాళదుంపల్లో అత్యధిక భాగం అట్లాంటి ఇంటి తోటలదే అయింది. అక్కడ కొలువులు పోయినా తోట మిగిలింది. మా దగ్గర ముందు పోయింది తోటే. కొలువులు తర్వాత వచ్చాయి, తోట పోగొట్టుకున్న ఆడవాళ్లకు రాలేదు.

మా దగ్గర ఈ మార్పు కాలంలోనే సర్కారు చేసిన ఒక మంచి పని చెప్పకపోతే అన్యాయం. 1999లో రైతుబజార్లు పెట్టారు. ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూపించి రైతే నేరుగా అమ్ముకోవచ్చు, దళారి లేడు. కూరగాయలు ఉన్నన్నాళ్లూ అమ్మ పొద్దుటి బస్సుకు మెహదీపట్నం రైతుబజారుకు పోయేది. పాలపైసలకు ఈ కూరగాయల పైసలు తోడయ్యాయి, ఆ కొద్ది ఏండ్లు ఆమె బాగా బతికింది. ఇరవై గుంటలు అమ్మేశాక ఆ కార్డు పనికిరాలేదు.

నాయిన పోయాక అమ్మకు ఆసరా పింఛను వస్తుంది. 2014లో వెయ్యి రూపాయలు, 2019లో 2,016 అయింది. ఇంట్లో కొదవ లేదు, అన్న బాగానే చూసుకుంటాడు. అయినా పింఛను రోజు పొద్దున్నే స్నానం చేసి తనే నడిచిపోయి తెచ్చుకుంటుంది. ఆ డబ్బులో పాల ప్యాకెట్టుకు కూడా పైసలు ఇస్తానని పట్టుబడుతుంది.

అన్న కూతురు విమానాశ్రయంలో ఒక కాంట్రాక్టు కంపెనీ తరఫున పనిచేస్తుంది. షిఫ్టు పని, నైటు అయితే క్యాబు వస్తుంది. కాంట్రాక్టు మారినప్పుడల్లా కంపెనీ పేరు మారుతుంది, పని అదే, సీనియారిటీ మళ్లీ మొదటికి. జీతం ఆమె ఖాతాలోనే పడుతుంది. ఐడీపీఎల్ మామ పీఎఫ్ గురించి విని ఉన్నది కాబట్టి అమ్మ దాన్ని నెలనెలా అడుగుతుంది.

"కంపెనీ మారితే నీ పీఎఫ్ నంబరు పోతదా బిడ్డా?"

"పోదు నాయినమ్మా. యూఏఎన్ అని ఒకటే నంబరు. ఎక్కడ చేసినా దాంట్లనే జమ."

"ఎవరి పేరు మీద?"

"నా పేరు మీదనే."

"నామినీ?"

"అమ్మ."

"మీ నాయినకు చెప్పినవా?"

"చెప్పలే."

"మంచిది," అంది అమ్మ. "జీతం ఎంతని కూడా మొత్తం చెప్పకు."